రాజేశం చెక్కలు: మస్కట్ నుంచి వహీబా ఇసుక దాకా

సెలవు మీద నర్సాపురం వచ్చినప్పుడల్లా మా చర్చి ఆడవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే. "మస్కట్‌లో ఏం చూశావే ఎస్తేరూ?" అని. ఈసారి "స్కీయింగ్ చూశాను" అన్నాను. ఆ మాట ఎవరికీ తెలియలేదు. కాళ్లకు పొడవాటి చెక్కలు కట్టుకుని మంచుకొండల మీద నుంచి కిందికి జారే ఆట అని చెప్పాను. పాస్టరుగారి భార్య బడిలో భూగోళం చెప్పిన మనిషి. ఆవిడ వెంటనే పట్టేశారు. "ఎడారిలో మంచెక్కడిదే?"

దానికి జవాబు చెప్పడం మొదలుపెడితే రెండుసార్లు టీలు అయ్యాయి, అయినా సగమే చెప్పగలిగాను. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సును. డెబ్బై ఆరు నాటికి నేను వెళ్లి మూడేళ్లయింది. ఆ ఏడు మా వార్డులో పచ్చకామెర్లతో ఒక ఆస్ట్రియా ఇంజినీరు నెలరోజులున్నాడు. ఊళ్లలో మంచినీళ్ల బావులకు చోటు చూసే పని ఆయనది. పేరు జోసెఫ్. భార్య పేరు హన్నా. ఇద్దరివీ బైబిలు పేర్లే కావడంతో నేను యోసేపుగారూ, హన్నాగారూ అని మన పద్ధతిలోనే పిలిచేదాన్ని. హన్నా రోజూ వచ్చి మంచం పక్కన కూర్చుని స్వెట్టరు అల్లేది. ఆ ఎండల్లో స్వెట్టరేమిటని అడిగితే, "మా ఊళ్లో ఇప్పుడు మంచు పడుతుంటుంది" అంది. అలా మొదలైంది స్నేహం.

జోసెఫ్‌గారికి ఒళ్లు బాగుపడ్డాక ఒక్కటే ధ్యాస. మంచు లేకపోతే పోయె, ఇసుక ఉంది కదా, దాని మీద జారి చూడాలని. బక్రీదుకు మూడు రోజులు సెలవు దొరికితే వహీబా ఇసుక గుట్టలకు వెళ్దామన్నారు. నన్నూ రమ్మని హన్నా పట్టుబట్టింది. నాతోపాటు బండెక్కిన నాలుగో మనిషి రాజేశం.

రాజేశం జగిత్యాల దగ్గరి ఊరి వడ్రంగి. నలభై ఏళ్లుంటాయి. జోసెఫ్‌గారి ఇంటికి తలుపులు బిగించడానికి కంపెనీ పంపితే, ఆయన కాగితం మీద గీసిన బొమ్మ చూసి స్కీలు చేసి ఇచ్చిన మనిషి. చెక్క ముందు కొసను డ్రమ్ములో పూటంతా ఉడకబెట్టి, పైకి వంచి, ఆరేదాకా తాళ్లతో బిగించి కట్టాడట. అడుగున బల్లల మీద అంటించే నున్నటి రేకు అంటించాడు. కాళ్లు ఇరికించడానికి పాత టైరు రబ్బరు. ఇలాంటివి రెండు జతలు చేశాడు.

"ఇంత చేసినంక అవి జారుతయో లేదో నేను సూడకుంటె ఎట్ల సిస్టరమ్మా?" అన్నాడు బండిలో చెక్కలు సర్దుతూ. కంపెనీలో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

బౌషర్

పొద్దున్నే మస్కట్‌లో మేముండే రూవీ పేట నుంచి బయల్దేరి మొదట బౌషర్‌లో ఆగాం. అక్కడ ఖర్జూరపు తోటల వెనక, కొండల పక్కన ఉన్నట్టుండి ఇసుక దిబ్బలు. గోదావరి లంకల ఇసుక తెల్లగా ఉంటుంది, ఇది కాల్చిన ఇటుక పొడిలా ఎర్రటి రంగు.

చీరతో స్కీ కుదరదని హన్నా తన ప్యాంటు ఒకటి ఇచ్చింది. నా జీవితంలో అదే మొదటిసారి ప్యాంటు వేసుకోవడం. నడుము దగ్గర పట్టలేదు, పాదాల దగ్గర నేల ఊడ్చింది. రాజేశం చూసి మర్యాదగా కొండల వైపు తిరిగాడు, కానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

హన్నా నన్ను చిన్న దిబ్బ మీద నిలబెట్టి, మోకాళ్లు వంచమంది. వంచాను. ముందుకు వాలమంది. ఆ పని మాత్రం నా వల్ల కాలేదు. పడతానని భయమేసినప్పుడు మనిషి వెనక్కి వాలతాడు కానీ ముందుకెవరు వాలతారు? నాలుగు బారలు జారి కూలబడ్డాను. నోట్లో, చెవుల్లో, జడలో ఇసుక. వారం తర్వాత తలంటుకున్నప్పుడు కూడా రాలింది.

రాజేశం మాత్రం మొదటిసారే కిందిదాకా నిలబడి వచ్చాడు. దూలాల మీద, కట్టడాలకు కట్టే సారువ కర్రల మీద ఏళ్ల తరబడి నడిచిన కాళ్లు. జోసెఫ్‌గారు చప్పట్లు కొట్టి, "ఇతను పుట్టాల్సింది మా ఊళ్లో" అన్నారు. నేను అది తెలుగులో చెబితే రాజేశం ఆలోచించి, "ఆడ చలి ఎక్కువంటిరి గద. మా ఊరే నయం" అన్నాడు.

ఇబ్రా

బిద్‌బిద్ దాటాక తారురోడ్డు వదిలేశాం. ఆపైన మట్టి దారి, రెండు వైపులా నల్లటి కొండలు. ఒక్క చెట్టు లేని కొండలను చూస్తూ కూర్చుంటే నాకు మొదట్లో గుండె బరువెక్కేది. ఇప్పుడు వాటి రంగులు వెతుక్కోవడం నేర్చుకున్నాను. ఊదా, బూడిద, తుప్పు రంగు, ఒకచోట ఏకంగా పాచి ఆకుపచ్చ.

ఇబ్రా చేరేసరికి మధ్యాహ్నం. పండగ రోజు కావడంతో మగవాళ్లు తెల్లటి దుస్తుల్లో, నడుముకు వెండి పిడి కత్తులతో ఉన్నారు. చిన్నపిల్లలకు జరీ టోపీలు. దారిన పోయేవాళ్లం, మమ్మల్ని ఆపి మరీ ఒక పెద్దాయన చావడిలో కూర్చోబెట్టాడు. వేళ్లు కడుక్కోవడానికి నీళ్లు, తర్వాత ఖర్జూరాలు, తర్వాత పిడికెడంత కప్పులో యాలకుల వాసన కొట్టే చేదు కాఫీ. తాగడం అయ్యాక కప్పు ఊపి ఇవ్వాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. ఈ సంగతి తెలియని రాజేశం మొహమాటపడి ఆరు కప్పులు తాగాడు. ఏడో కప్పుకు నావైపు దీనంగా చూస్తే అప్పుడు చెప్పాను. మా గోదావరి జిల్లాల్లో అయితే కప్పు ఊపినా, చెయ్యి అడ్డం పెట్టినా ఇంకో గరిటె పడాల్సిందే. ఇక్కడ వాళ్లు అతిథి మాట నమ్ముతారు.

అక్కడ తిన్న హల్వా మాత్రం నన్ను తిన్నగా ఇంటికి తీసుకుపోయింది. చూపుకు, సాగుడుకు అచ్చం బందరు హల్వాయే. పైన కుంకుమపువ్వు, గులాబీ నీళ్లు అదనం. ఒక పళ్లెం రియాలు లోపే. కొనబోతే పెద్దాయన కొననివ్వలేదు.

ఇసుక అంచున

సాయంత్రానికి మింత్రిబ్ అనే ఊరు చేరాం. అక్కడితో నేల అయిపోయి ఇసుక మొదలవుతుంది. మధ్యలో గోడ లేదు, గట్టు లేదు. ఒక ఇంటి వెనక గోడకే ఆనుకుని కొండంత దిబ్బ.

హమద్ అనే బెదూ, అంటే ఎడారి తెగ మనిషి, మాకోసం అక్కడే ఉన్నాడు. బావుల పనిలో జోసెఫ్‌గారికి దారి చూపించేవాడు. టైర్లలో గాలి తీయించి, ఇసుకలోకి అరగంట నడిపించి, తన డేరా దగ్గర ఆపాడు. ఆ డేరాకు పెద్ద దిక్కు అతని తల్లి. అక్కడ పెద్ద కొడుకు పేరుతోనే తల్లిని పిలుస్తారు, ఉమ్ హమద్ అని. మా వీధిలో మా అమ్మను 'ఎస్తేరమ్మ' అంటారు, ఎస్తేరు వాళ్ల అమ్మ అని. ఆ సంగతి ఆసుపత్రి అరబ్బీలో చెప్పాను. ఆవిడకు ఎంత ముచ్చటేసిందో! ముఖం మీద ముక్కు పొడవునా గట్టి బట్ట తొడుగు ఉంటుంది వాళ్లకు. కళ్లు తప్ప ఏమీ కనపడవు. ఆ కళ్లే నవ్వాయి.

పొద్దు గుంకుతుండగా మంట చుట్టూ కూర్చున్నాం. ఒంటె పాలు, రొట్టె. ఒంటె పాలు కాస్త ఉప్పగా, నురగనురగగా ఉంటాయి. నేను జోసెఫ్‌గారిని అడిగాను, మీరు జారినవాటిలో అన్నిటికన్నా ఇష్టమైన వాలు ఏదని. ఆ ప్రశ్న అడిగితే చాలు, స్కీ ఆడేవాళ్లకు నిద్రాహారాలు అక్కర్లేదని హన్నా అంది.

ఆయనకు ఇష్టమైనది ఒక కొండకు ఉత్తరం వైపు వాలు. రెండు రాతి గోడల మధ్య సందు. చలికాలమంతా అక్కడ ఎండ పడదు. కొత్త మంచు పడిన పొద్దున దిగితే ఛాతీ దాకా పొడి మంచు లేస్తుందట, ఊపిరి తీసుకుంటే నోట్లోకి వస్తుందట. "ఇరవై ఏళ్లలో నాలుగే నాలుగు సార్లు అలా కుదిరింది" అన్నారు.

"అది ఇష్టం కాదు, పిచ్చి" అంది హన్నా. ఆమెకు ఇష్టమైనది వాళ్ల ఊరి వెనక మెత్తటి వాలు. చిన్నప్పుడు బడి అయ్యాక అక్కడ జారితే నేరుగా రొట్టెల బట్టీ ముందు ఆగేవాళ్లట. ఆ చలిలో వేడి రొట్టె కోటు లోపల దాచుకుని ఇంటికి పోయేవాళ్లట. ఇరవై ఏళ్ల కాపురంలో ఈ విషయం మీద ఇద్దరికీ రాజీ కుదరలేదని నాకు అర్థమైంది.

రాజేశం నన్ను మెల్లగా అడిగాడు. "మంచు అంటె ఎట్లుంటది సిస్టరమ్మా? మీరు సూసిన్రా?"

నేను చూసింది ఐసు ఫ్యాక్టరీలో వరిపొట్టు చల్లిన దిమ్మలే. చేపల బుట్టల మీద కొట్టి వేస్తారు. అదే చెప్పాను. హన్నాకు ఇంగ్లీషులో చెబితే, చేపల మీద వేసే మంచు అని ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

ఉమ్ హమద్ ఇదంతా కొడుకుతో చెప్పించుకుని విన్నది. విని ఒకే ఒక్క మాట అడిగింది. "అంత కష్టపడి పైకెక్కి వెంటనే కిందికి వస్తారా? కింద ఏమైనా మర్చిపోతారా?"



పెద్ద గుట్ట

మర్నాడు పొద్దున్నే జోసెఫ్‌గారు చెక్కలతో పెద్ద గుట్ట ఎక్కారు. రాత్రి పొగమంచుకు ఇసుక తడిసి ఉండటంతో చెక్కలు కదల్లేదు. జోసెఫ్‌గారి మొహం చిన్నబోయింది. "తప్పు నాదే. ఇసుక ఇసుకే" అన్నారు. రాజేశం ఆ మాటను తన చెక్కల మీద వేసిన నిందగా తీసుకున్నాడు. రెండు కొవ్వొత్తులు తీసి, అడుగు రేకుకు కొస నుంచి కొసకు రుద్ది, గుడ్డతో మెరుగు పెట్టాడు. "జర ఎండ రానీయుండ్రి" అన్నాడు.

ఎండ వచ్చి ఇసుక పొడిబారాక జోసెఫ్‌గారు మళ్లీ వెళ్లారు. ఈసారి కదిలింది. ముందు మెల్లగా, తర్వాత పెద్ద చీర చింపినట్టు చప్పుడు చేస్తూ. ఆయన నడుము అటూ ఇటూ ఊగుతుంటే ఇసుక మీద పాము పోయినట్టు గీత పడింది. కింద ఆగి రెండు చేతులూ పైకెత్తి ఏదో అరిచారు. ఏమన్నారని హన్నాను అడిగాను. "నా పేరు పిలిచాడు" అంది. వెంటనే రెండో జత కట్టుకుని తనూ దిగింది. మా ఊళ్లో అయితే యాభై ఏళ్ల ఆడమనిషిని పెళ్లి భోజనాలకు పిలిచినా మోకాళ్ల నొప్పులంటుంది. ఈమె లంఘించుకుని పోయింది.

రాజేశం చిన్న దిబ్బ మీద రెండుసార్లు బాగానే జారాడు. నేను, హన్నా డేరా దగ్గర రొట్టె తింటుండగా, చెప్పాపెట్టకుండా పెద్ద గుట్టకు ఎదురు ముఖం ఎక్కాడు. గోడలా నిలువుగా ఉన్న వైపు అది. మేం చూసేసరికే దిగుతున్నాడు. నిటారుగా, చేతులు చాచుకుని, చాలా అందంగా వచ్చాడు. అడుగున ఇసుక వదులుగా ఉంటుంది. అక్కడ చెక్కల కొసలు దిగబడ్డాయి. మనిషి ఎగిరి కుడిచేతి మీద పడ్డాడు.

పరిగెత్తాను. లేచి కూర్చుని ఉన్నాడు, కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని. మొహం బూడిద రంగు. చొక్కా పక్కకు జరిపి చూస్తే భుజానికి ఉండాల్సిన గుండ్రం లేదు, పలకగా ఉంది. కీలు జారిపోయింది.

మణికట్టు దగ్గర నాడి చూశాను. ఉంది. వేళ్లు కదులుతున్నాయి. భుజం బయటివైపు వేలితో తాకితే తెలుస్తోందన్నాడు. అంతవరకు మేలు. కానీ దగ్గరి ఆసుపత్రికి గుంతల దారిలో గంటలు పడుతుంది, పండగ సెలవుల్లో అక్కడ డాక్టరు ఉంటాడో ఉండడో. ఆలస్యమైన కొద్దీ కండరాలు బిగుసుకుంటాయి. భుజం సర్దడం కాజువాలిటీలో ఎన్నోసార్లు పక్కనుండి చూశాను. అది డాక్టర్ల పని. నా చేత్తో ఎప్పుడూ చేయలేదు. తేడా వస్తే నరం దెబ్బ తింటుంది. వడ్రంగి కుడిచెయ్యి.

"కంపెనీల ఎరుకైతె ఇంటికి తోలుతరు సిస్టరమ్మా" అన్నాడు పళ్లు బిగించి. "వచ్చి ఏడాది గూడ కాలె."

"నేను సర్ది చూడగలను రాజేశంగారూ. కానీ చూడండి, మీకు నిజం చెప్పాలి."

"ఏంది?"

"చూశానే గానీ చెయ్యలేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. "నేను గూడ మా నాయిన చేస్తుంటె సూసే పని నేర్సుకున్న. మొదటి తలుపు చేసిన్నాడు నాకేం తెల్సు? చెయ్యుండ్రి."

జీపు వెనక తలుపు కిందికి దించి, పరుపు వేసి, ఆయన్ను బోర్లా పడుకోబెట్టాం. కుడిచెయ్యి అంచు నుంచి కిందికి వేలాడేట్టు. సగం నీళ్లున్న డబ్బాను మణికట్టుకు మెత్తటి గుడ్డ చుట్టి కట్టాను. బరువు మెల్లగా లాగుతుంటే, కండరాలు అలిసి వదులైతే, కీలు దానంతటదే లోపలికి పోవాలి. మనిషి బిగుసుకోకుండా ఉండాలి, అదే కష్టం. జోసెఫ్‌గారు గడియారం పట్టుకుని నిలబడ్డారు. ఉమ్ హమద్ వచ్చి రాజేశం తల దగ్గర ఇసుకలో కూర్చుని ప్రార్థన గొణుక్కుంటోంది. నా ప్రార్థన నేను లోపల చేసుకుంటున్నాను.

"చెక్క ఎలా వంచారో చెప్పండి" అన్నాను.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

మొదట్లో మాట మాటకూ ఆగాడు. నీళ్లు తెర్లాలె అన్నాడు. చెక్క దాని మానాన అది మెత్తబడాలె, తొందరపడి వంచితే ఈనె పగులుతది అన్నాడు. ఎంతసేపని అడిగితే, గడియారం చూసి కాదు, చేత్తో ఒత్తితే చేతికే చెబుతది అన్నాడు. చెబుతూ చెబుతూ గొంతు నెమ్మదించింది, వీపు మీద కండలు వదిలాయి. పావుగంట దాటింది. నా చెయ్యి ఆయన భుజం మీదే ఉంది. వేళ్ల కింద ఏదో జరిగి, 'టక్'మంది.

రాజేశం మాట ఆపేశాడు. "పోయింది" అన్నాడు.

"ఏమిటి?"

"నొప్పి."

నాడి చూశాను. వేళ్లు కదపమన్నాను. భుజం తాకి, తెలుస్తోందా అన్నాను. తెలుస్తున్నదన్నాడు. అప్పుడు బండి చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాను. ఉమ్ హమద్ తన తలగుడ్డల్లో కొత్తది, పండగకు కొన్న ఎర్రపూల గుడ్డ తెచ్చి నా ఒళ్లో పడేసింది. దానితోనే చెయ్యి మెడకు కట్టాను.

తిరుగు దారి

వెంటనే బయల్దేరాం. మింత్రిబ్‌లో హమద్ అక్కగారు ఆపేశారు. ఊరంతటికీ కలిపి తీసిన గోతిలో, మసాలా పట్టించిన మాంసాన్ని ఆకుల్లో చుట్టి, నిప్పుల మీద పూడ్చి, పండగ మర్నాడు తవ్వి తీస్తారు. షువా అంటారు. మేం పోయేసరికి మట్టి తీస్తున్నారు. ముట్టుకుంటే ఎముక నుంచి ఊడి వచ్చే మాంసం. మసాలాలో గసగసాలు లేవు, మన కారం లేదు, అయినా ఏమీ తక్కువ కాలేదు. రాజేశం కుడిచెయ్యి కట్టేసి ఉంది, ఎడంచేత్తో తింటే వాళ్లు తప్పుగా అనుకుంటారేమోనని ముట్టలేదు. అది గమనించిన ఇంటాయన, తనే ముక్కలు తుంచి, అన్నంతో ముద్దచేసి ఆయన నోటికి అందించాడు. నలభై ఏళ్ల మనిషి చిన్నపిల్లాడిలా నోరు తెరిచి తిన్నాడు.

మస్కట్‌లో ఎక్స్‌రే తీయించాను. ఎముక పగల్లేదు. మా డాక్టరుగారు ఫిల్ము చూసి, నన్ను చూసి, "ఇంకోసారి ఇలాంటి పని చెయ్యకు" అన్నారు. గుమ్మం దాకా వెళ్లాక వెనక్కి పిలిచి, "బాగా చేశావు" అన్నారు.

ఫోర్‌మన్ ముందు

మేడమెట్ల మీద పడ్డానని చెప్పమని రూమ్‌లో వాళ్లంతా నేర్పారట. రాజేశం వల్ల కాలేదు. ఫోర్‌మన్ ఒక సర్దార్జీ. ఏమైందని హిందీలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"లకడీ బాంధ్‌కే? రేత్ పే?" అని సర్దార్జీ మూడుసార్లు అడిగాడట. చెక్కలు కట్టుకుని, ఇసుక మీదనా అని. తర్వాత ఆ చెక్కలు తెప్పించి, తిప్పి చూసి, కొస వంపు మీద బొటనవేలు రాసి, "ఈ వంపు నువ్వే తీశావా?" అన్నాడట. ఆరు వారాలు స్టోర్‌లో మేకులు, తాళాలు ఇచ్చే డ్యూటీ వేశాడు. ఆ తర్వాత మెట్ల రెయిలింగులకు వంపు చెక్క పని. ఇంటికి పంపలేదు.

రాజేశం చదువుకోలేదు. చెయ్యి కట్టులో ఉన్నన్నాళ్లు, ఆసుపత్రికి చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా, ఆయన ఇంటికి జాబులు నేనే రాసిపెట్టాను. మొదటి దాంట్లో జరిగిందంతా చెప్పించాడు. చెక్కలు, గుట్ట, పడటం, భుజం, నీళ్ల డబ్బా. రాసి ఇచ్చాక భయం పట్టుకుంది. "మా నర్సవ్వ తిడుతది సిస్టరమ్మా. పిల్లలున్నోనివి, గదేం పని అంటది."

నెల తిరిగేసరికి నర్సవ్వ పోస్టుమాస్టరుతో రాయించిన జవాబు వచ్చింది. స్టోర్ బయట నీడలో కూర్చుని చదివి వినిపించాను. పిల్లలు బాగున్నారు. బర్రె ఈనింది. చెయ్యి పైలం, బరువులు ఎత్తకు. చివరన రెండు వరుసలు: "గంత ఎత్తుమీదికెళ్లి జారినవంటివి. పడ్డది రాసినవు, నొప్పి రాసినవు. జారుతుంటె ఎట్లుండెనో రాయలేదేంది?"

రాజేశం ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, చదవడం రాకపోయినా, ఆ రెండు వరుసలు ఎక్కడున్నాయో చూపించమన్నాడు. చూపించాను. వాటి మీద వేలు పెట్టి కొస నుంచి కొసకు జరిపాడు. నేను కలం తీసి సిద్ధంగా కూర్చున్నాను.

"రాయుండ్రి సిస్టరమ్మా" అన్నాడు చివరికి. "పన్నెండేండ్ల వయసు సంది నేను దూలాలు మోసిన, తలుపులు మోసిన, ఇటుకలు మోసిన. గా ఒక్కపాలి ఎవ్వరో నన్ను మోస్కపోయిన్రు అని రాయుండ్రి."